సున్నా జరిగిన వేళ

మాది దివిసీమ. ధాన్యం అమ్మిన ప్రతిసారీ నాన్నగారు కాటాకేసి అనుమానంగా చూసేవారు. లోడ్ సెల్‌లతోనే నా ఉద్యోగం గనుక నాకది చాదస్తంగా తోచేది.

ఒక సంక్రాంతి ముందు, గుడివాడ దగ్గర వేబ్రిడ్జిపై, మంచువేళ సున్నా చూసుకుని నిండు లారీని తూచాము. సరుకు దించి, ఎండెక్కాక తిరిగి వస్తే, లారీ ఎక్కకముందే కాటా 40 కిలోలు చూపుతోంది! అలాగే తూచి ఉంటే ఖాళీ లారీ బరువు అంత పెరిగి, మా ధాన్యం అంత తగ్గేది.

ఆ కాటా కింద 30 టన్నుల సెల్‌లు నాలుగు. బరువుకు ఉక్కు రవ్వంత నలిగితే, దానికంటించిన సన్నని లోహపు రేకు నిరోధం మారుతుంది. అదే స్ట్రెయిన్ గేజ్. 10 వోల్టులిస్తే 120 టన్నులకు వచ్చేది 20 మిల్లీవోల్టులు. అంటే 75 కిలోల బస్తా 12.5 మైక్రోవోల్టులన్నమాట! ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఈ లెక్క ఎన్నడూ బస్తాల్లో వేసుకోలేదు.

ఉష్ణోగ్రత ప్రభావాన్ని సెల్‌లోని నాలుగు గేజ్‌లు చాలావరకు తమలో తామే రద్దు చేసుకుంటాయి. తేమ అలా కాదు. యజమాని పిలిపించిన మెకానిక్ జంక్షన్ బాక్సు విప్పితే లోపలంతా చెమ్మ. సిలికా జెల్ గులాబీ రంగుకు తిరిగి ఉంది. టెర్మినళ్ళ మధ్య ఆ చెమ్మ గుండా కరెంటు కారుతోంది. (బందరు తీరాన ఉప్పుగాలి తోడైతే ఇది మరీ ముదురుతుంది.) తుడిచి, ఆరబెట్టి, కొత్త జెల్ వేసి, కేబుల్ గ్లాండు బిగించాము. అరగంట వేడెక్కనిచ్చి చూస్తే సున్నా కదలలేదు.

"బటన్ నొక్కితే సున్నా వచ్చేసేదిగా సార్?" అన్నాడు ఆపరేటర్.

ఆ పూటకు వచ్చేది. నొక్కడం మరచిన పూట?

ఖాళీ లారీ ఎక్కింది. నాన్నగారు ఎప్పటిలాగే అంకెలకేసి చూస్తున్నారు. ఈసారి ఆయన పక్కన నిలబడి నేనూ చూశాను.