ఆ ఇరవై రూపాయలు ఎవరివి?

మా నారాయణపట్న కుర్రాళ్ళు చదువు ఆపేస్తే పనికోసం ముందుగా చూసేది విశాఖపట్నం వైపే. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేవరకు ఈ ప్రాంతమంతా ఆ జిల్లాలోదే గదా!

అలా వెళ్ళినవాడొకడు 2023 సంక్రాంతికి ఇంటికొచ్చి, తండ్రి పాసుపుస్తకం పట్టుకుని మా బ్రాంచికి వచ్చాడు. అక్కడ ఒక హోటల్లో సప్లయరు. ఎంట్రీలు వేయించుకున్నాక కూడా కదలడే!

"ఏమిటోయ్?" అన్నాను.

"బాబూ, బిల్లు నాలుగొందల ఎనబై అయితే పార్టీవోళ్ళు ఫోన్లో ఐదొందలు కొట్టేసి, ఇరవై నువ్వుంచుకో అని నాతోటే చెప్పి ఎల్తారు. అది ఓనరు కాతాలో పడిపోతంది. అడిగితే మీ జీతంలోనే కలిసుందంటాడు. అది నాదా, ఆయనదా?"

ఖాతా ఎవరిదో డబ్బూ వారిదే అనుకోవడం మా బ్యాంకువాళ్ళకు అలవాటు. నోటిదాకా వచ్చిన ఆ మాటను ఎందుకో మింగేసి, "రేపు రా" అన్నాను.

అసలు ఈ బక్షీసులంటేనే నాకు భయం. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక రైతు లోను తీసుకుని, "టీ తాగండి బాబూ" అని బల్లమీద యాభై రూపాయలు పెడితే నాకు చెమటలు పట్టాయి. ప్రభుత్వ బ్యాంకు ఉద్యోగి కూడా 1988 నాటి అవినీతి నిరోధక చట్టం కిందికి వస్తాడు మరి. వెంటపడి ఆ నోటు తిరిగిచ్చేశాను. పాపం, ఆయన చిన్నబుచ్చుకున్నాడు. నేను ముట్టుకోకూడని డబ్బు ఈ కుర్రాడికి న్యాయంగా రావలసిన డబ్బు!

ఆ రాత్రి పార్వతీపురంలో ఉన్న మా వకీలు మిత్రుడికి ఫోను చేశాను. మన దేశంలో టిప్పులకని విడిగా చట్టం లేదుగాని సుప్రీంకోర్టు తీర్పులున్నాయన్నాడు. టిప్పు యాజమాన్యం కార్మికుడికిచ్చే చెల్లింపు కాదని 1976లోనే జైపూరు రాంబాగ్ ప్యాలెస్ హోటల్ కేసులో చెప్పిందట. 2016 ఏప్రిల్లో ఐ.టి.సి. హోటళ్ళ కేసు వచ్చింది. అది ఆదాయపు పన్ను తగాదా. ఖాతాదారులు కార్డుమీద ఇచ్చిన టిప్పు జీతం కాదు, దానిమీద యజమాని పన్ను కోయనక్కరలేదు అని కోర్టు తేల్చింది. తేలుస్తూ ఇంకో మాటన్నది. ఆ సొమ్ము యజమాని చేతికి ధర్మకర్త చేతికి వచ్చినట్టే వస్తుందట, పనివాళ్ళకు పంచడానికి. కామర్సు భాషలో చెప్పాలంటే అది ఓనరుకు ఆదాయం కాదు, అప్పుల వైపు రాయవలసిన పద్దు. అయితే నాకు టిప్పు ఇప్పించండని యజమానిని నిలదీసే హక్కు పనివాడికి లేదనీ అదే తీర్పులో ఉంది. ఇవ్వడం, ఇవ్వకపోవడం పార్టీ ఇష్టం.

మర్నాడు కుర్రాడికి విడమరిచి చెప్పాను. "మీ ఓనరు దాన్ని జీతంలో కలిపానంటే కుదరదు. జీతం జీతమే, టిప్పు టిప్పే. కానీ కోర్టు దాకా పోతే నీ ఉద్యోగం ఉంటుందో లేదో నేను చెప్పలేను. ముందు నలుగురూ కలిసి వెళ్ళి, రోజూ ఎంత వచ్చిందో ఒక పుస్తకంలో రాయమని మర్యాదగా అడగండి. వినకపోతే లేబరాఫీసు ఉండనే ఉంది. ఇంకోటి, ఆ టిప్పుకి ఆదాయపు పన్ను కట్టే పూచీ మాత్రం నీదే సుమా!"

"పన్ను కట్టేటంత వొస్తే మీకే మిఠాయి తెస్తాను బాబూ" అని నవ్వాడు.

రెండు నెలలకు ఫోను చేశాడు. ఓనరు నాలుగు రోజులు మొహం మాడ్చుకున్నాడట. తర్వాత గల్లాపెట్టె పక్కన పుస్తకం పెట్టించాడు, శనివారం శనివారం లెక్క చూసి ఇస్తున్నాడు. ఇప్పుడింకో పేచీ వచ్చిందట.

"గిన్నెలు కడిగే అప్పకి వాటా ఉందా బాబూ? ఆవిడ పార్టీవోళ్ళకి కనపడదు గదా!"

దీనికి మన తీర్పుల్లో నాకు జవాబు దొరకలేదు. ఇంగ్లండులో టిప్పులు న్యాయంగా పంచాలని చట్టమే చేసి 2024 అక్టోబరు నుంచి అమలుచేస్తున్నారు. అదింకా రాని రోజులవి. "మీరేం చేశారు?" అని అడిగాను.

"ఇచ్చేం బాబూ. మొదట ఆవిడ తీసుకోలేదు. నాకెవరిచ్చారని అడిగింది."