చిక్కగా కలిపితే బలమా?

మాగాయ పెట్టేటప్పుడు మామిడి ముక్కలకు ఉప్పు, పసుపు పట్టించి జాడీలో వేస్తాము. చుక్క నీరు పొయ్యము. అయినా మూడవ నాటికి ముక్కలు ఊటలో తేలుతుంటాయి. ఆ నీరంతా ముక్కలోనిదే. నడుమ పలుచని పొర అడ్డున్నప్పుడు నీరు పలుచని ద్రావణం నుండి చిక్కని ద్రావణం వైపు పోతుంది. పిల్లల సైన్సు పుస్తకాలలో దీనిని ద్రవాభిసరణము అంటారు.

జాడీలో ఇది మంచిదే. విరేచనాలు పట్టుకున్న బిడ్డ పేగులో జరిగితేనే ప్రాణం మీదికి వస్తుంది.

ఒక ఎండాకాలం మా వీధిలో ఏడాదిన్నర పిల్లవానికి నీళ్ళ విరేచనాలు పట్టుకున్నాయి. మేము చూడబోయేసరికి తల్లి, లీటరు నీళ్ళలో కలపవలసిన ఓ.ఆర్.ఎస్. పొట్లము మొత్తం ఒక్క గ్లాసులో కలుపుతున్నది. "చిక్కగా ఉంటేనే గదా వదినా బలము" అన్నది. "అసలు నీళ్ళే పట్టకమ్మా, పట్టినకొద్దీ పోతాయి" అని నాయనమ్మ. ఇద్దరిదీ ప్రేమే. కాని ఆ గ్లాసు పడితే, ముక్కలోని నీరు ఊటగా దిగినట్టు, బిడ్డ ఒంట్లోని నీరు పేగులోకి దిగుతుంది. విరేచనాలు హెచ్చుతాయి. రక్తంలో ఉప్పు మితిమీరి ఫిట్సు కూడా రావచ్చు. నాయనమ్మ మాట విన్నా ఒళ్ళు ఎండిపోతుంది. మేము ఆ గ్లాసు పారబోయించి, లీటరు సీసాతో కొలిచి మరొక పొట్లము కలిపించాము. చెంచాతో కొంచెం కొంచెంగా పట్టగా సాయంత్రానికి వాడు ఒంటేలు పోశాడు. నాయనమ్మ ముఖం అప్పుడు గాని తేటపడలేదు.

విరేచనాలకు పంచదార ఎందుకని కొందరు అడుగుతారు. పేగు గోడలో ఒక ద్వారమున్నది. ఉప్పులోని సోడియము, గ్లూకోజు జంటగా వస్తేనే అది లోనికి తీసుకుంటుంది. వాటి వెంట నీరూ పోతుంది. కలరాలో సైతం ఈ ద్వారము మూసుకోదు. ఈ జంట సంగతిని 1960లో రాబర్ట్ క్రేన్ అనే శాస్త్రజ్ఞుడు వివరించాడు. 1971లో బంగ్లాదేశ్ యుద్ధకాలంలో, పశ్చిమ బెంగాలులోని బన్‌గావ్ శరణార్థి శిబిరంలో కలరా చెలరేగింది. నరానికి ఎక్కించే సెలైను చాలలేదు. డాక్టర్ దిలీప్ మహలనబిస్ లీటరు నీటికి 22 గ్రాముల గ్లూకోజు, 3.5 గ్రాముల ఉప్పు, 2.5 గ్రాముల వంటసోడా చొప్పున కలిపించి తాగించారు. 30 శాతం దాకా ఉన్న మరణాలు ఆయన చూసినవారిలో 4 శాతం లోపుకు దిగాయి. 2022లో కన్నుమూసిన ఆయనకు మరుసటి ఏడు పద్మవిభూషణ్ ప్రకటించారు. బ్రతికుండగా ఇవ్వవలసినదని మాకనిపిస్తుంది.

తరువాత 2002లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ ద్రావణాన్ని ఇంకా పలుచన చేసింది. ఇప్పుడది రక్తము కంటే కొంచెం పలుచన. లీటరుకు గ్లూకోజు 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు, మిగిలినవి పొటాషియము, సిట్రేటు లవణాలు. అన్నీ కలిసి 20.5 గ్రాములే.

అంగట్లో 200 మిల్లీలీటర్లకు కలిపే చిన్న పొట్లాలూ ఉన్నాయి గనుక మీదనున్న అక్షరాలు చదివి నీళ్ళు కొలవండి. పొట్లము దొరకకపోతే కాచి చల్లార్చిన లీటరు నీటిలో ఆరు చదును చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలపవచ్చు. టీ చెంచా సుమా! ఓ.ఆర్.ఎస్. అని పేరు పెట్టుకుని అమ్మిన తీపి పానీయాలలో పంచదార ఎన్నో రెట్లు ఎక్కువ. హైదరాబాదులోని ఒక పిల్లల వైద్యురాలు ఏళ్ళ తరబడి పోరాడగా, ఆహార భద్రతా సంస్థ 2025 అక్టోబరులో ఆ పేరు వాడరాదని ఆజ్ఞ ఇచ్చింది.

తల్లిపాలు మానిపించవద్దు. వాంతి అయితే పది నిమిషాలు ఆగి మళ్ళీ చెంచాతో మొదలుపెట్టండి. కళ్ళు లోతుకు పోయినా, మగతగా పడి ఉన్నా, తాగలేకపోయినా, విరేచనంలో నెత్తురు కనిపించినా ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకుపోవాలి. దారిలో కూడా పడుతూనే ఉండండి. పొట్లాలు ఆశా కార్యకర్త దగ్గర ఊరికే ఇస్తారు. కలిపినది 24 గంటలు దాటితే పారబోయండి.