చెవిలోనిదా, చెవిమీదిదా?

ఈ సంవత్సరము మన పత్రికకు భౌతికశాస్త్ర విషయమునుగూర్చి యేదైనను వ్రాయుడని సంపాదకవర్గమువారు కోరగా, ధ్వనినిగూర్చి వ్రాయుదునని మాట యిచ్చితిని. పాఠ్యపుస్తకములో నున్నదానినే మరల వ్రాసిన చదువరులకు విసుగు పుట్టునని తోచి, మా యింట జరిగిన యొక సంగతిని గైకొనుచున్నాను. విద్యార్థులలో పలువురు కంప్యూటరుమీద ఆటలాడువారేయని నే నెరుగుదును. తల్లిదండ్రులు ఈ మాట చదివి వారిమీద గాని నామీద గాని కోపగింపకుందురుగాక.

మా పెద్దవాడు 2024వ సంవత్సరమున ఈ పాఠశాలలోనే పదవ తరగతి ముగించి ఇంటర్మీడియెట్‌లో చేరెను. మంచి మార్కులు వచ్చినయెడల కంప్యూటరు ఆటలకు తగిన చెవిపరికర మొకటి కొనియిత్తునని ముందుగానే చెప్పియుంటిని. మార్కులు వచ్చినవి. మాట తప్పుటకు వీలులేకపోయెను.

వా డాడు ఆట పేరు వాలొరాంట్. అది 2020లో వెలువడినది. ఇరుపక్షముల ఐదుగురేసి యుందురు. గోడచాటున పొంచియున్న ప్రత్యర్థి కంటికి కనబడడు. వాని అడుగుల చప్పుడు మాత్రము వినబడును. ఆ చప్పుడు కుడినుండి వచ్చినదా, ఎడమనుండి వచ్చినదా, వెనుకనుండియా యని తక్షణమే తేల్చుకొన్నవాడు బ్రతుకును; తేల్చుకొననివాడు పడిపోవును. తుపాకుల ఆట నాకు రుచింపదు. ఆ మాట వానితో చెప్పియే యున్నాను. అయినను ఒకనాడు వాని ప్రక్కను గంటసేపు కూర్చుండి చూచితిని. చెవులు రిక్కించి అంత శ్రద్ధగా వినుట యిరువదియేండ్ల ఉద్యోగములో నా తరగతిగదియందు నేనెన్నడును చూచి యెరుగను.

కొనదగినవి రెండు విధములు. మొదటిది ఇన్-ఇయర్ మానిటరు, పిల్లలు ఐ.ఇ.ఎం. అందురు. అది మెత్తని రబ్బరు మొనతో చెవిరంధ్రములోనికి దూరి, సీసాకు బిరడావలె బిగిసికొనును. బరువు కొద్ది గ్రాములే. మానిటరనగా ఇచ్చట తరగతిపెద్ద కాదు. వేదికమీద పాడువానికి వాద్యముల హోరులో తన కంఠము తనకే వినబడదు గనుక, వాని పాటను వానికే తిరిగి వినిపించుటకు ఎదుట నుంచు స్పీకరును మానిటరందురు. ఆ స్పీకరు చెవిలోనికి ప్రవేశించుటయే ఈ పరికరము పుట్టుక. 1995లో అమెరికాలో జెర్రీ హార్వీ యను శబ్దనిపుణుడు వాన్ హాలెన్ అను సంగీతబృందములో డ్రమ్ములు వాయించువానికొరకు ఇట్టిది తయారుచేయగా, దానినుండియే అల్టిమేట్ ఇయర్స్ అను కంపెనీ బయలుదేరినది. రెండవ విధము చెవిని పూర్తిగా కప్పు పెద్ద హెడ్‌ఫోను. దీని వయస్సెక్కువ. నథానియేల్ బాల్డ్విన్ స్వయముగా తయారుచేసిన హెడ్‌ఫోనులను అమెరికా నౌకాదళము 1910లోనే కొన్నది. వీనిలో వెనుకభాగము మూసియుండునవి కొన్ని, జల్లెడవలె తెరచియుండునవి కొన్ని. తెరచినదానిని సెన్‌హైజర్ అను జర్మను కంపెనీ 1968లో హెచ్.డి. 414 అను పేర బజారులోనికి తెచ్చెను. ఈ తెరపియే తరువాత నాకు ముఖ్యమైనది గాని, కొనునాటికి దానిని నేను లెక్కపెట్టలేదు.

దిక్కు తెలియుటలో ఏది మేలనునదే మా వాని ప్రశ్న. ధ్వని గాలిలో సెకనుకు సుమారు 343 మీటర్లు పోవును. కుడిప్రక్కను పుట్టిన చప్పుడు కుడిచెవికి తగిలిన పిమ్మట ఎడమచెవికి చేరుటకు పట్టు ఆలస్యము సుమారు 0.65 మిల్లీసెకను. అనగా సెకనులో వేయవవంతైనను కాదు. ఇంత స్వల్పకాలమును మన మెదడు కొలువగలుగుట ఆశ్చర్యము. మంద్రస్వరములకు ఈ ఆలస్యమును, తారస్వరములకు రెండు చెవులకును చేరు తీవ్రతలోని భేదమును ఆధారములని రేలీ ప్రభువు 1907లో వివరించెను. అయితే ముక్కునకు సూటిగా ముందు మ్రోగినను, సరిగా వెనుక మ్రోగినను రెండు చెవులకును చప్పుడు ఒక్కసారియే చేరును గదా! అప్పుడు ముందు వెనుకలను చెప్పునది చెవిదొప్ప. దాని మడతలలో తగిలి ధ్వని పొందు మార్పునుబట్టి మెదడు దిక్కును గ్రహించును.

దీనిని తొమ్మిదవ తరగతిలో ఒకమారు పరీక్షించి చూచితిమి. ఒక బాలునికి కన్నులకు గంతకట్టి, తల కదల్పవద్దని చెప్పి, తాళపుచెవుల గుత్తిని వానికి ముందును, వెనుకను, నడినెత్తిమీదను మ్రోగించితిమి. ఎక్కువసార్లు సరిగానే చెప్పెను. పిమ్మట రంధ్రము మూయక, చెవిదొప్పల మడతలలో మాత్రము గోధుమపిండిముద్ద నించితిమి. ఎదుట గుత్తి మ్రోగించినప్పుడు వాడు తిరుగులేని ధైర్యముతో వెనుకకు వ్రేలు చూపెను. తరగతి యంతయు ఘొల్లుమన్నది. ఆ బాలుని తల్లి మరునాడు పిండినిగూర్చి నన్నడిగినది వేరే కథ.

చెవిలో దూర్చుకొను పరికరమునకు చెవిదొప్పతో పనియే లేదు. కావున అది దిక్కు చూపజాలదని నేను మొదట వాదించితిని. మా వాడొప్పుకొనలేదు. వాడు చెప్పినదే సరియని పిమ్మట తెలిసికొంటిని. పెద్ద హెడ్‌ఫోనులోని పొరయును చెవిప్రక్కనే నిలుచునది. దానినుండి వచ్చు ధ్వనియు నిజముగా ముందునుండి గాని వెనుకనుండి గాని వచ్చుటలేదు. తలయు చెవిదొప్పయు చేయు మార్పులను కంప్యూటరే లెక్కగట్టి ధ్వనిలో కలిపిన గాని ముందు వెనుకల భేదము తోచదు. ఆ యేర్పాటును వాలొరాంట్‌లో 2021లో చేర్చిరి. అట్లు కలిపిన ధ్వనిని చిన్నదియు పెద్దదియు వినిపింపగలవు. పెద్దదానిలో చప్పుడు తలకు కొంచెము వెలుపల పుట్టినట్లును, చిన్నదానిలో కపాలములోనే పుట్టినట్లును తోచుట నిజము. కాని ఆటగెలుపులో ఆ భేదము తనకు కనబడలేదని వాడనెను. ఏడు స్పీకర్ల ధ్వనియని పెట్టెమీద అచ్చువేసి ధర పెంచు వర్తకులమాట నమ్మవద్దు. మనకు దేవుడిచ్చిన చెవులు రెండే.

నేను చిన్నదానివైపు మ్రొగ్గుటకు కారణము వేరు. పెద్దలు వారమునకు 40 గంటలపాటు 80 డెసిబెళ్లకును, పిల్లలు అంతకాలమే 75 డెసిబెళ్లకును మించి వినరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ హద్దు విధించినది. ప్రతి 3 డెసిబెళ్ల పెంపునకును ధ్వనిశక్తి రెండింతలగును. వినదగిన కాలము సగమగును. 80కి 40 గంటలైన, 83కి 20, 86కి 10, 89కి 5 గంటలే. మా వాడు వారమునకు పదిగంట లాడును. మా గోదావరి తీరపు ఉక్కలో ఫ్యాను లేనిదే యెవ్వరును కూర్చుండజాలరు. ఆ ఫ్యాను హోరును మించి అడుగుల చప్పుడు వినవలెనన్న ధ్వని హెచ్చింపవలసివచ్చును. హెచ్చించిన చెవి చెడును. చెవి చెడిన తిరిగి బాగుపడదు. లోపలిచెవిలోని సన్నని రోమకణములు ఒకసారి నశించిన మనుష్యునికి మరల మొలవవు. చిన్నపరికరము వెలుపలి హోరును మూసివేయును గనుక తక్కువ ధ్వనియే చాలును. పైగా కళ్లజోడు కమ్మీలను నొక్కదు, చెవులకు చెమట పట్టింపదు, ధర రెండువేల రూపాయలలోపే. ఈ వాదమంతయు నల్లబల్లమీద వ్రాసినట్లు వానికి బోధించి, నా మాటమీదనే దానిని కొనిపించితిని. మూసివేయుటను గొప్పగుణముగా పొగడినవాడను నేనే.

2024 ఆగస్టులో ఒక రాత్రి నేనును నా భార్యయు పొరుగూరిలో ఒక పెండ్లికి వెళ్లితిమి. ఇంటిలో మా అమ్మగారును, వాడును ఉండిరి. తొమ్మిది దాటిన పిమ్మట ఆమె పెరటికి వెళ్లి, కుళాయి దగ్గరి మెట్టుమీద తడికి కాలుజారి పడినది. లేవలేకపోయినది. వాడు ఆ గోడకు ఇవతలనే కంప్యూటరుముందు కూర్చుండియున్నాడు. మేము తొమ్మిదిన్నర దాటి యిల్లు చేరుసరికి, ఆమె ఒకచేత మరియొక చేతిని పట్టుకొని ఆ మెట్టుమీదనే కూర్చుండియుండెను. మణికట్టు ఎముక చిట్లినది. ఆరువారములు కట్టు వేసిరి.

వానిని కొట్టవలెనన్నంత కోపము వచ్చినది. వాడు తెల్లబోయి, "మామ్మ పిలిచిందా, నాన్నా? నాకు వినబడలేదు" అని మరల మరల అనుచుండెను. వాడబద్ధమాడుటలేదు. మా అమ్మగారు వానిని నాకు అడ్డముగా నిలిపికొని, "వాడు చదువుకొంటున్నాడనుకొన్నానురా! అందుకే గట్టిగా పిలువలేదు" అనెను. గట్టిగా పిలువకున్నను పలుమారు పిలిచితినని నాలుగుదినములు గడచిన పిమ్మట నాతో ఒంటరిగా చెప్పినది. వానితో చెప్పవద్దని ఆనబెట్టినది. నేను చెప్పలేదు. ఈ పత్రిక చదివి వాడు తెలిసికొనును. తెలిసికొనదగిన వయస్సు వచ్చినదని ఆమె యనుమతి గైకొనియే వ్రాయుచున్నాను.

తరువాతి ఆదివారము మధ్యాహ్నము వానిని ఆ కుర్చీలోనే కూర్చుండబెట్టి, ఆట ఆడుచుండుమని చెప్పి, నేను పెరటిమెట్టుమీద కూర్చుంటిని. చెవిలో చిన్నది పెట్టుకొనియుండగా, మా అమ్మగారు పిలుచునంత మెల్లగా పదిసార్లు వాని పేరు పిలిచితిని. పలుకలేదు. స్నేహితునివద్ద ఎరువు తెచ్చిన మూసిన పెద్ద హెడ్‌ఫోను పెట్టుకొనగా నాలుగవ పిలుపునకు, "ఏదో విన్నట్లున్నది" అని సందేహముగా వెనుకకు తిరిగెను. నా సహోపాధ్యాయు నొకరి యింటినుండి తెచ్చిన తెరచిన హెడ్‌ఫోను పెట్టుకొనగా మొదటి పిలుపునకే "ఆఁ" అనెను. మా చిన్నది గోడమీద కూర్చుండి లెక్క వ్రాసినది. ఒకే యిల్లు, ఒకే చెవులు, ఒక్క దినపు పరీక్ష. ఇంతకంటె దీనికి నేను గౌరవ మడుగను.

అయితే తెరచినదానికి దాని చిక్కులు దానికున్నవి. ఫ్యాను హోరు కూడ లోనికి వచ్చును. చిన్నదానికి 20 అంకెమీద నుంచిన ధ్వనిని వాడు 34వరకు త్రిప్పెను. రెండు పరికరముల అంకెలను సూటిగా పోల్చరాదు. కాని ఫ్యాను ఆపిన క్షణమున వాడే 26కు దించెను. నేను భయపడిన లెక్కయే యిది! చెవిని కాపాడిన అమ్మగారి పిలుపు పోవును. పిలుపును కాపాడిన చెవికి కీడు. రెండుదినము లాలోచించి, బల్లను ఫ్యానుక్రిందినుండి కిటికీదగ్గరకు జరిపితిమి. ఫ్యాను గదికి ఆవలిమూలనున్నది. గాలి తగ్గినది, హోరును తగ్గినది. ధ్వని అంకె 28 దాటరాదని వాడొక కాగితము వ్రాసి అతికించుకొనెను. ఆటలోని ధ్వని వెలుపలికి వచ్చి మమ్ము బాధించును గాని, ఆ బాధ మాకు సమ్మతమే.

పెద్ద పందెములలో వేదికమీద ఆడువారు చెవిలో చిన్నది దూర్చి, దానిపైన పెద్దదానిని కూడ తగిలించుకొని, అందులో హోరును వినిపించుకొందురట యని వాడు నాతో వాదించెను. నిజమే. వేలకొలది ప్రేక్షకుల కేకలవలన ప్రత్యర్థి జాడ తెలియకుండుటకై అట్లు చేయుదురు. అచ్చట వారిని పెరటినుండి పిలుచు మామ్మ లేదు.

చిన్నదానిని పారవేయలేదు. మేమందరమును ఇంట నున్నప్పుడు వాడు దానిని వాడును. ఇంటిలో మామ్మతో తానొక్కడే యున్నప్పుడు పెద్దది. ఈ నియమము నేను పెట్టినది కాదు. చిన్నది వాడువారు రబ్బరు మొనను వారమున కొకసారి తుడిచి ఆరబెట్టుకొనవలెను. లేనిచో గుబిలి లోనికి నెట్టబడును, మన తేమకు చెవిలో బూజు పట్టును. ఒకరిది మరియొకరు పెట్టుకొనరాదు. తీగలేని బ్లూటూత్ రకములలో చాలవాటియందు చప్పుడు ఆలస్యముగా చేరును; పాటలకు బాధలేదు గాని, అడుగుల చప్పుడు వినునప్పటికి ప్రత్యర్థి వచ్చి ఎదుట నిలుచును.

ఎండకాలము రాగానే వాడు పెద్దదాని మెత్తలకు చెవులు ఉడికిపోవుచున్నవని గొణగసాగెను. మా అమ్మగారికి చేయి నయమై సూది పట్టగలిగినది. తన పాత మల్లుచీర అంచు చించి, ఆ రెండు మెత్తలకును గుండ్రని తొడుగులు కుట్టియిచ్చినది. ఆ గుడ్డ అడ్డముండుటవలన తారస్వరములు కొంత మందగించును. నాకు తెలియును, వానికిని తెలియును. వాడింతవరకు వానిని తీయలేదు.