చుక్కలూ నాపరాళ్ళూ

కడప జిల్లా ఎర్రగుంట్ల ప్రాంతంలో ఆకాశాన్ని చూడటం వేడుక కాదు, అవసరం. వాన కరవైన సీమలో రైతు నేలను ఎంతగా చూస్తాడో నింగినీ అంతగానే చూస్తాడు. మా జేజినాయన బడి ముఖం ఎరుగడు. అయినా అశ్వని మొదలు రేవతి వరకు ఇరవై యేడు కార్తెలనూ తడుముకోకుండా చెప్పగలిగేవాడు. "కార్తె వచ్చెనే గాని వాన రాకపాయె నాయనా!" అని మృగశిరలో ఆయన నిట్టూర్చడం నేను ఏటేటా విన్నమాట. అప్పు చేసి తెచ్చిన విత్తనం ఇంట్లో మూలుగుతూ ఉండేది. వాన మరికొంత ఆలస్యమైతే ఆ విత్తనమే వంటింటికి చేరేది.

కార్తె అంటే సూర్యుడు ఒక నక్షత్రంలో ఉండే కాలం. ఆకాశవృత్తంలోని 360 డిగ్రీలను 27 నక్షత్రాలకు పంచితే ఒక్కొక్క భాగాన్ని దాటడానికి సూర్యునికి పదమూడు పద్నాలుగు రోజులు పడుతుంది. సూర్యుడున్న చోటి నక్షత్రం ఆ వెలుగులో కనబడదు. వేకువజామున తూర్పున పొడిచే చుక్కలను బట్టి దానిని ఊహించాలి. చుక్కల స్థానాలనూ గమనాలనూ కొలిచే ఈ విద్యే ఖగోళశాస్త్రంలో అన్నిటికన్నా పాత శాఖ. దీనిని స్థాన ఖగోళశాస్త్రం అంటారు.

ఈ శాఖ మా జేజినాయనకు తెలియని ఒక సంగతి చెబుతుంది. భూమి అక్షం బొంగరంలా మెల్లగా తిరుగుతూ ఉండటం వల్ల, ఋతువులతో పోల్చినప్పుడు కార్తెలు సుమారు 72 సంవత్సరాలకు ఒక రోజు చొప్పున వెనుకబడుతున్నాయి. అంటే వెయ్యేళ్ళకు దాదాపు ఒక కార్తె! నేడు జూన్ రెండవ వారంలో మృగశిర ప్రవేశిస్తున్నది. నన్నయ కాలంలో ఋతువును బట్టి అదే సమయానికి ఆరుద్ర నడుస్తూ ఉండేది. చుక్కలు అబద్ధమాడలేదు, వానా మాట తప్పలేదు. ఆ రెండింటికీ మధ్య లెక్క కదిలింది.

ఇటువంటి కొలతలలో తెలుగునేలకు గౌరవప్రదమైన భాగమే ఉంది. 1901లో హైదరాబాదులో నెలకొన్న నిజామియా వేధశాల, ఆకాశమంతటినీ ఛాయాచిత్రాలలోకి ఎక్కించే అంతర్జాతీయ ప్రణాళికలో పాల్గొన్నది. మూడు దశాబ్దాలకు పైగా శ్రమించి ఏడున్నర లక్షలకు మించిన నక్షత్రాల స్థానాలను నమోదు చేసింది. 2013లో ప్రయోగించిన గయా ఉపగ్రహం 180 కోట్లకు పైగా చుక్కలను కొలిచింది కదా అని ఎవరైనా అనవచ్చు. కాని గాజుపలకల మీద ఒక్కొక్క చుక్కనూ కంటితో కొలిచిన ఆ ఓపిక ముందు నా తల వంగుతుంది.

చుక్క ఎక్కడున్నదో తెలిసింది; అది దేనితో చేయబడినది? ఈ ప్రశ్నతో ఖగోళ భౌతికశాస్త్రం మొదలవుతుంది. దాని తొలి అధ్యాయాలలో ఒకటి గుంటూరులో జరిగింది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణాన్ని చూడటానికి ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ అక్కడికి వచ్చాడు. సూర్యుని అంచున ఎగసే ఎర్రని జ్వాలలు వాయుమయాలని వర్ణపటదర్శిని ద్వారా గ్రహించాడు. గ్రహణం లేని రోజున కూడా వాటిని పరిశీలించవచ్చునని మరునాడే నిరూపించాడు. ఆ గ్రహణవేళ ఒక పసుపుపచ్చ గీత కూడా పరిశీలకుల కంటబడింది. అదే సంవత్సరం ఇంగ్లండులో లాకియర్ ఆ గీతను చూసి, అది సోడియం గీత కాదని గుర్తించాడు. భూమిపై ఎవరూ చూడని ఆ మూలకానికి సూర్యుని గ్రీకు పేరును బట్టి హీలియం అనే పేరు వచ్చింది. 1895లో రామ్సే దానిని భూమిపై కనుగొన్నాడు. ఎక్కడో తెలుసా? యురేనియం ఉన్న ఒక ఖనిజంలో!

ఎర్రగుంట్లకు నైరుతి దిక్కున తుమ్మలపల్లెలో యురేనియం గని ఉంది. యురేనియం క్షీణిస్తూ హీలియం కేంద్రకాలను వెలువరిస్తుంది. సూర్యునిలో కనిపించిన మూలకం మా జిల్లా రాళ్ళలో నేటికీ పుడుతూనే ఉన్నదన్నమాట. మరి ఆ యురేనియం ఎక్కడిది? న్యూట్రాన్ తారలు ఢీకొనడం వంటి మహోత్పాతాలలో అటువంటి భారమూలకాలు తయారవుతాయి. 2017 ఆగస్టు 17న అటువంటి తాకిడి ఒకటి గురుత్వ తరంగాల ద్వారా, కాంతి ద్వారా కూడా భూమికి తెలిసింది. గురుత్వ తరంగాల ఖగోళశాస్త్రం ఈ కుటుంబంలో కడగొట్టు బిడ్డ.

తక్కిన శాఖలలో విశ్వోత్పత్తి శాస్త్రం 1380 కోట్ల సంవత్సరాల విశ్వచరిత్రను విచారిస్తుంది. రేడియో ఖగోళశాస్త్రం కంటికి ఆనని తరంగాలను ఆలకిస్తుంది. మన హిందూపురం పొరుగున, కర్ణాటకలోని గౌరీబిదనూరులో అటువంటి కేంద్రం ఉంది. గ్రహశాస్త్రానికి నమూనాగా శ్రీహరికోట నుండి వెళ్ళి 2023 ఆగస్టు 23న చంద్రునిపై దిగిన చంద్రయాన్-3ను తలచుకుంటే చాలు.

ఖగోళ జీవశాస్త్రం వద్ద మాత్రం నేను మళ్ళీ ఆగుతాను. ఇతర గ్రహాలపై జీవం ఉండెనా అని అడిగే ఈ శాఖకు, ప్రాచీన జీవం రాతిలో ఎట్టి గుర్తు వదులుతుందో ముందుగా తెలియాలి. మా ఊరికి దక్షిణాన వేంపల్లె ప్రాంతపు శిలలలో పొరలు పొరలుగా, ఉల్లిగడ్డను కోసినట్లు కనిపించే ఆకృతులున్నాయి. అవి దాదాపు 190 కోట్ల సంవత్సరాలకు పూర్వమే నిస్సారపు సముద్రజలాలలో సూక్ష్మజీవులు కట్టిన కట్టడాలు. వాటిని స్ట్రోమటోలైట్లు అంటారు. అంగారకునిపై శోధకయంత్రాలు వెదుకుతున్న గుర్తులలో ఇటువంటివీ ఉన్నాయి. మన పశువుల కాపరులు వాటిపై కూర్చుని సద్ది తింటారు.

రైతుకు కార్తె చాలు, ఇవన్నీ తిండి పెట్టని చదువులు అని మా ఊరి పెద్దలు కొందరు అంటూ ఉంటారు. వారి మాటలో కొంత న్యాయం లేకపోలేదు. ఎర్రగుంట్లలో తిండి పెట్టేవి నాపరాతి గనులూ సిమెంటు కర్మాగారాలే. ఆ దుమ్మూ ఆ దీపాలూ కలిసి ఊరిమీది ఆకాశాన్ని బూడిదరంగుకు తెచ్చాయి. ఊళ్ళో ఉన్న పిల్లలకు పాలపుంత కనిపించదు. లడఖ్‌లోని హాన్లేలో చీకటి ఆకాశాన్ని కాపాడటానికి 2022లో ప్రత్యేక ప్రాంతాన్ని ప్రకటించారు. మాకు ఆ భాగ్యం లేదు. అయినా కార్తిక అమావాస్యనాడు దీపాలు దాటి చేలలోకి నడిచినవారికి తూర్పున పిల్లలకోడి ఇంకా కనిపిస్తుంది. అదే కృత్తిక. అది సుమారు 440 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. ఈ రాత్రి మన కంటిని చేరే ఆ వెలుగు బయలుదేరేనాటికి విజయనగర రాజులు పెనుకొండలో ఉన్నారు.