మా వారి తుపాకీ, మా అమ్మమ్మ బుడ్డి

రిటైరయిన మగవాళ్ళకి ఏదో ఒక పిచ్చి పట్టక తప్పదు కాబోలు. మా అన్నయ్యకి హోమియో మందుల పిచ్చి పట్టింది. మా మరిదికి జాతకాల పిచ్చి. మా వారికి మాత్రం పాత మిలటరీ తుపాకుల పిచ్చి!

“అమ్మో, తుపాకులే!” అని గుండెమీద చెయ్యి వేసుకున్నారు కదూ? నేనూ అలాగే వేసుకున్నాను. మేముండేది అమెరికాలో, ఒహాయో రాష్ట్రంలో. మనవైపు పాత నాణేలూ తపాలా బిళ్ళలూ పోగుచేసినట్టు, ఇక్కడ కొందరు పాత యుద్ధాలనాటి రైఫిళ్ళు పోగుచేస్తారు. 1898లో గానీ అంతకుముందు గానీ తయారైన తుపాకీని ఇక్కడి కేంద్ర చట్టం పురాతన వస్తువు కింద లెక్కగడుతుంది. ఆ తరవాతివైనా యాభై ఏళ్ళు దాటినవి సేకరించేవాళ్ళకి వేరే లైసెన్సు ఉంది. మా వారు ఆ లైసెన్సుకి పటం కట్టించి, మా పెళ్ళి ఫోటో పక్కనే తగిలించారు. ఏది ఎక్కువ గర్వకారణమో నేను అడగలేదు.

ఇదంతా పక్కింటి పెద్దాయన చలవ. ఎనభై దాటినా ఆయన చేతులు ఊరుకోవు. మా వారు శిష్యుడుగా చేరిపోయారు.

నేను రెండు షరతులు పెట్టాను. తుపాకీ ఎప్పుడూ ఇనప్పెట్టెలోనే ఉండాలి. బోల్టు లేనిదే అది పేలదట కనక, ఆ బోల్టు ఊడదీసి వేరే బీరువాలో పెట్టాలి. దాని తాళంచెవి నా గుత్తిలో ఉండాలి. మనవలు తిరిగే ఇల్లు మరి! ఆయన మారుమాట్లాడకుండా ఒప్పుకున్నారు.

పోయిన శీతాకాలం తుపాకుల సంత నుంచి ఒక పొడుగాటి మూట మోసుకొచ్చారు. విప్పితే, పనస జిగురు పూసినట్టు ఒళ్ళంతా గ్రీజు. తుప్పు పట్టకుండా ఎప్పుడో ఎవరో పూసింది అలాగే గడ్డకట్టిపోయింది. ఆ గ్రీజు వదిలించడానికి వారం పట్టింది. ఆ వారంలో నా పాత తువ్వాళ్ళన్నీ గరాజుకి తరలిపోయాయి. ఆ తరవాత నా ఇస్త్రీపెట్టె కూడా కనపడలేదు.

వెళ్ళి చూద్దును కదా, తుపాకీ చెక్క మీద తడిగుడ్డ పరిచి ఇస్త్రీ చేస్తున్నారు! ఆ ఆవిరికి అణిగిపోయిన చెక్క ఉబ్బి, సొట్ట పైకి లేస్తుందట. నిజంగానే లేచింది. తరవాత అవిసె నూనె. పల్చగా పూసి, చెక్క వెచ్చబడేదాకా అరచేత్తో రుద్దాలి. ఒకరోజు ఆరనిచ్చి మళ్ళీ పూయాలి. చంటిపిల్లకి నలుగు పెట్టినంత ఓపిక కావాలి. మా పిల్లలకి ఒక్కనాడైనా నలుగు పెట్టని మనిషి, దానికి పదిహేను రోజులు పెట్టారు! ఆ నూనెగుడ్డలు ఉండచుట్టి పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయని పెద్దాయన హెచ్చరించాడు. దాంతో పెరట్లో నా బట్టల తీగ కూడా పోయింది.

“గరుకు కాగితంతో ఒక్కసారి రుద్దేస్తే కొత్తదానిలా ఉంటుంది కదా?” అన్నాను ఉండబట్టలేక.

“అదే చెయ్యకూడదోయ్! సొట్ట తియ్యొచ్చు, గుర్తు తియ్యకూడదు. చెక్కమీద కొట్టిన ముద్రలు పోతే ఇక దానికి పుట్టుపూర్వోత్తరాలు లేనట్టే,” అన్నారు గురువుగారి మాట అప్పజెప్పుతూ.

ఒక సాయంత్రం, “ఏమోయ్, ఇలా వచ్చి ఇది చదివిపెట్టు, నా కళ్ళకి ఆనడంలేదు,” అని కేకేశారు. బోల్టు పిడి కింద ఇనప పట్టీ మీద ఒక కిరీటం, దానికింద ఇంగ్లీషులో జి.ఆర్.ఐ. అన్న అక్షరాలు, ఇషాపూర్, 1942.

“ఇషాపూరా? మన ఇషాపూరేనా?”

మనదే. కలకత్తా దగ్గరున్న రైఫిల్ ఫాక్టరీ. లండనుకి ఉత్తరాన ఉన్న ఎన్‌ఫీల్డు పేరూ, బోల్టు పద్ధతి కనిపెట్టిన జేమ్స్ పారిస్ లీ పేరూ కలిపి లీ-ఎన్‌ఫీల్డు అంటారు దీన్ని. పది తూటాలు పడతాయి. మన పోలీసుల చేతుల్లో ‘త్రీ నాట్ త్రీ’ అని మనం చిన్నప్పట్నించీ చూసింది ఈ జాతినే. ఆ అక్షరాలు జార్జి చక్రవర్తివి. స్వాతంత్ర్యం వచ్చాక కిరీటం పోయి అశోకుడి సింహాలొచ్చాయి. అంతదాకా సవతిలా చూసినదాన్ని, ఆ పేరు చదవగానే పుట్టింటినుంచి వచ్చిన పిల్లలా చూశాను. ఏం మనసో!

మా వారు తుపాకీ మడమకున్న ఇత్తడి తలుపు తెరిచారు. లోపల చిన్న అర ఉంది. అందులోంచి గొట్టం తుడిచే తాడొకటి, వేలెడంత ఇత్తడి బుడ్డి ఒకటి బయటికొచ్చాయి. “నూనె బుడ్డి. సిపాయి దగ్గర ఎప్పుడూ ఉండేది,” అంటూ నా చేతిలో పెట్టారు. మూత తిప్పాను. మూతకి సన్నటి కాడ, కాడ చివర బుల్లి గరిటె.

నాకు నోట మాట రాలేదు. ఆ బుడ్డి నాకు తెలుసు.

తాడేపల్లిగూడెం దగ్గర మా అమ్మమ్మగారి ఊరు. అక్కడ ఆవిడ కుట్టుమిషను సొరుగులో అచ్చం ఇలాంటిదే ఉండేది. ఆ గరిటెతో ఒక్కొక్క చుక్క తీసి మిషనుకి వేసేది. “ఏమిటమ్మమ్మా ఇది?” అంటే “మీ తాతయ్య తెచ్చారే” అనేది. అంతే. తాతయ్య రెండో యుద్ధంలో సైన్యంలో పనిచేసి 1946లో ఇంటికొచ్చారు. యుద్ధం గురించి ఒక్కమాట చెప్పగా ఎవరం వినలేదు. కానీ ఆయనకి తుప్పంటే పడేది కాదు. కత్తిపీట, కొడవలి, బావి గిలక, అన్నింటినీ నూనెగుడ్డతో తుడిచేదాకా అన్నానికి కూర్చునేవారు కాదు. “చాదస్తం” అని నవ్వుకునేవాళ్ళం. అది ఎక్కడ నేర్చుకున్న చాదస్తమో, ఇన్నేళ్ళకి ఒహాయోలో గరాజులో నిలబడి తెలుసుకున్నాను.

అమ్మమ్మ పోయాక 1994లో ఆ ఇల్లు ఖాళీ చేశాం. నాకు విమానం టైమైపోతోంది. మిషను ఎవరికో ఇచ్చేశాం. ఇత్తడీ కంచూ తూకానికి వేశాం. సొరుగులో బుడ్డి తీసి తక్కెట్లో పడేసింది ఎవరో కాదు, నేనే. ముల్లు కదిలిందో లేదో కూడా చూడలేదు.

ఇది తాతయ్య మోసిన తుపాకీ అనను. ఇలాంటివి లక్షల మీద తయారయ్యాయి. అయినా ఈ వేసవిలో, తూటా పెట్టేచోట సందు సరిగ్గా ఉందో లేదో తనిఖీ చేయించాక, షూటింగు మైదానానికి నేనూ వెళ్ళాను. చెవులకి డిప్పలు పెట్టుకుని ఒక్కటంటే ఒక్కసారి పేల్చాను. నాలుగు కిలోల బరువు. అది భుజాన్ని తన్నిన తన్నుకి రెండ్రోజులు జడ వేసుకోలేకపోయాను. గురి సంగతి అడక్కండి. తిరునాళ్ళలో తాతయ్య నన్నెక్కించుకున్నది ఇలాంటి దెబ్బలు తిన్న భుజమే కదా అనుకున్నాను.

పాత తూటాలు కాలిస్తే గొట్టంలో ఒక ఉప్పు మిగిలి తుప్పు పట్టిస్తుందట. మరిగే నీళ్ళు పోసి కడగాలి. ఇంటికి రాగానే మా వారు వంటింటి గుమ్మంలో నిలబడి నసిగారు. నేనే కెటిల్ పొయ్యిమీద పెట్టాను.

“ఆ బుడ్డి నువ్వు ఉంచేసుకో,” అన్నారు ఆ రాత్రి. వద్దన్నాను. తుపాకీతో వచ్చింది తుపాకీతోనే ఉండాలి. ఒక్క చుక్క మాత్రం ఆ బుల్లి గరిటెతో నా కుట్టుమిషనుకి వేసుకుని, మూత బిగించి, దాని అరలో దాన్ని పెట్టేశాను.

అమ్మాయిలూ, పాత ఇత్తడి తూకానికి వేసేటప్పుడు తొందరపడకండి. మూతున్నవన్నీ ఒకసారి తెరిచి చూడండి. ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా మిగిలుంటే, అదేమిటో రెండోసారి కూడా అడగండి.