తాళం పడిన ఇల్లు

“ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు” అన్న పెద్దల మాట సామాన్యులకే గాని సంపన్నులకు వర్తించదని మేము తలచేవారము. హైదరాబాదులోని ఫలక్‌నుమా చరిత్ర తెలిసిన పిమ్మట ఆ అభిప్రాయం మార్చుకున్నాము.

గత వేసవిలో మా అన్నదమ్ములము ముగ్గురము నందిగామలో బస్సెక్కి, హైదరాబాదులోని మా చాచా ఇంటికి వెళ్ళాము. జగ్గయ్యపేటలో ఉన్న మా దాదీ ఇంటి సంగతి తేల్చుకోవలసి ఉన్నది. ఆమె గతించి ఆరేండ్లు. ఆనాటి నుండి ఇంటికి తాళమే. పెంకులు జారి వాన లోపల పడుతోంది. దూలాలకు చెదలు పట్టాయి. అమ్మితే కొన్నవారు పడగొట్టి దుకాణాలు కడతారు. అద్దెకిద్దామని చాచా అంటే, “దాదీ కూర్చున్న అరుగు మీద పరాయివారా?” అని అడ్డుపడినది మేమే.

చాచా వాదించలేదు. మరునాడు మమ్ములను చార్మినారు దాటించి, ఫలక్‌నుమా కొండ దిగువకు తీసుకువెళ్ళారు. అందులో బస చేయడం మా శక్తికి మించినది. కనుక వీథిలో నిలిచి, ఆయన చెప్పిన చరిత్ర విన్నాము.

ఉర్దూలో ‘ఫలక్’ అనగా ఆకాశం. ‘నుమా’ అనగా దానిని తలపించేది. సంస్థాన ప్రధానిగా పనిచేసిన పాయెగా నవాబు వికారుల్ ఉమ్రా 1884లో దీని నిర్మాణం ప్రారంభించారు. పూర్తి కావడానికి సుమారు తొమ్మిదేండ్లు పట్టింది. ఇటలీ చలువరాయి, నూటొక్కరు ఒకేసారి కూర్చుని భోంచేయగల బల్ల, అందమైన గ్రంథాలయం సమకూరాయి. ఇల్లు నిలిచింది గాని, ఆ వ్యయానికి నవాబుగారు అప్పుల పాలయ్యారని చెబుతారు. చివరకు 1897 ప్రాంతంలో అది ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ పరమయింది.

ఏడవ నిజాం కింగ్ కోఠీలో నివసించారు. ఫలక్‌నుమాను రాజ అతిథులకు విడిచారు. 1951లో రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ అక్కడ బస చేశారు. ఆ తరువాత దశాబ్దాల తరబడి తలుపులు మూతపడ్డాయి. రాజకుమారి ఎస్రా పర్యవేక్షణలో పదేండ్లపాటు మరమ్మతులు జరిగి, 2010లో తాజ్ సంస్థ హోటలుగా అది మరల తెరుచుకున్నది.

“ఇంత రాజభవనం పూటకూటి ఇల్లయిందే!” అని మా తమ్ముడు నిట్టూర్చాడు. చాచా నవ్వి, “నిజాం కాలంలోనే అది అతిథుల ఇల్లు కదా. దానికి చేటు తెచ్చింది అతిథులా, తాళమా?” అన్నారు. మా వద్ద జవాబు లేదు.

హోటలైనందున అందరికీ ఆ మెట్లెక్కే భాగ్యం కలగలేదన్నది నిజమే. వీథిలో నిలిచిన మాకు ఆ వెలితి తెలిసింది. అయినను, కూలిన గోడలకంటె దీపం వెలిగే కిటికీ మేలని ఆ సాయంత్రం తోచింది.

తిరిగి వచ్చి దాదీ ఇంటి తాళం తీశాము. వానలకు ముందే పెంకు సర్దించి, చెదలు తిన్న రెండు దూలాలు మార్పించాము. ముందు గదులలో ఇప్పుడు పల్లెల నుండి వచ్చి చదువుకునే నలుగురు విద్యార్థులున్నారు. వారికి మేము పెట్టిన షరతు ఒక్కటే: సాయంకాలం అరుగు మీద దీపం పెట్టాలి.

మొన్న అటు వెళ్ళినప్పుడు, ఆ అరుగు మీద ఒక కుర్రవాడు కూర్చుని గట్టిగా పాఠం చదువుతున్నాడు. మమ్ములను చూసి లేచి, “ఎవరు కావాలండీ?” అని అడిగాడు. మాకు కష్టం కలగలేదు.