అతికించక ముందే చెప్పండి

బర్మామైన్స్‌లో మా పక్కింటి తాతగారు కార్ఖానాలో రిటైరయ్యాక అట్టతో రైలింజన్ల నమూనాలు చేస్తున్నారు. 1945లో మొదలైన టెల్కో మా జంషెడ్‌పూర్‌లోనే మీటర్‌గేజ్ వైపీ ఆవిరి ఇంజన్లు తయారుచేసింది. ఆయన చేసేవి అవే, 1:87 స్కేలులో. ఆ లెక్కన మీటరు వెడల్పు పట్టాలు 11.5 మిల్లీమీటర్లకు దిగుతాయి. అర మిల్లీమీటరు తప్పినా కంటికి తెలిసిపోతుంది.

రెండోసారి ప్రిలిమ్స్ పోయినప్పుడు ఆయన దగ్గర కూర్చుని నేనూ ఒకటి చేశాను. తిప్పి తిప్పి చూసి, "చక్రాలు బాగా కోశావురా. బాయిలర్ మాత్రం వాలింది. ఈసారి జిగురు రాయక ముందే ముక్కలన్నీ పేర్చి చూసుకో" అన్నారు.

ఆ మాటతో నాకు నా స్నేహితుడు గుర్తొచ్చాడు. కిందటేడు మెయిన్స్‌కు ముందు తన వ్యాసం చూడమంటే "సూపర్" అని తిరిగిచ్చేశాను. ఉపోద్ఘాతమే రెండు పేజీలు తినేసిందని తెలిసీ, నొచ్చుకుంటాడని చెప్పలేదు. పరీక్షలో అతనికి ముగింపు రాసే టైము మిగల్లేదు.

తోటివారి ఆన్సర్ మీ చేతికొస్తే మూడు మాటలు చెప్పండి: ఏది కుదిరింది, ఏది వాలింది, రేపు ఏం చేయాలి. మీ ఆన్సర్ చూసేవారినీ ఇవే అడగండి.

అతని కొత్త వ్యాసం ఇప్పుడు నా బల్ల మీద ఉంది. ఎర్రపెన్ను తీశాను.